‘నా జన్యువులు పాడయ్యాయా, టీచర్?’: బాలల సంక్షేమ సమితులకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల బాలల సంక్షేమ సమితుల అధ్యక్షులకు, సభ్యులకు

నమస్కారం.

జూనియర్ కళాశాలల్లో ముప్పై ఒక్క ఏళ్లు జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. ఇప్పుడు పోక్సో కేసుల్లో, అంటే పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కేసుల్లో, పిల్లల వెంట ఉంటున్నాను. మీ ఉత్తర్వుల్లో ‘సపోర్ట్ పర్సన్’ అని రాస్తారే, ఆ మనిషిని నేనే. పోలీసు స్టేషనుకు, ఆసుపత్రికి, మీ ముందుకు, ప్రత్యేక కోర్టుకు పిల్లలతో పాటు వెళ్లి, వాళ్లతో పాటే తిరిగి వస్తాను. మీ కార్యాలయాల వరండాల్లో ఏ బల్ల ఊగుతుందో, ఏ ఫ్యాను తిరగదో నాకు కంఠతా వచ్చు. అందువల్ల ఈ ఉత్తరంలో కొంత చనువు కనిపిస్తే మన్నించండి.

పోయిన వానాకాలంలో ఒక జిల్లా సమితి ముందు పదో తరగతి చదివే అబ్బాయితో కూర్చున్నాను. జిల్లా పేరు చెప్పను. అబ్బాయిని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను. చట్టం అడగకపోయినా మార్చేదాన్నే. చిన్నతనంలో తాను పెరిగిన ఇంట్లోనే, అందరూ నమ్మిన మనిషి చేతిలో, ఏళ్ల తరబడి హింసపడ్డవాడు. ఇప్పుడు హాస్టల్లో చిన్నపిల్లలను కొడుతున్నాడు. దీపం ఆర్పితే నిద్రపోడు. వెనుక నుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే గోడకు అంటుకుపోతాడు. ఇప్పటికి మూడు బడులు మారాడు. వాడికి కౌన్సెలింగ్ కొనసాగించేలా ఉత్తర్వు ఇవ్వమని అడగడానికి వెళ్లాం.

ఫైలులో ‘కౌన్సెలింగ్ ఇవ్వబడింది’ అని అప్పటికే ఉంది. రెండు సిట్టింగులు జరిగాయి. ఇంకా ఎందుకని వాళ్ల సందేహం. సభ్యులలో ఒకాయన, బాగా చదువుకున్నవారు, మర్యాదస్తులు, ఫోనులో ఏదో వ్యాసం తీసి చూపించారు. ‘చిన్నప్పటి గాయాలు జన్యువుల మీదే ముద్ర వేస్తాయట మేడమ్. డీఎన్ఏలోకే దిగిపోయాక మాటలతో ఏం మారుతుంది? మొక్కై వంగనిది మానై వంగునా?’ అన్నారు. తక్కినవాళ్లు తల ఊపారు. ఆ అబ్బాయి అక్కడే, నా పక్కనే కూర్చుని ఉన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఊరు దాటేదాకా వాడు మాట్లాడలేదు. తరవాత కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగాడు: ‘నా జన్యువులు పాడయ్యాయా, టీచర్?’

అనువంశికత పాఠం కొన్ని వేల మందికి చెప్పి ఉంటాను. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. దారిలో బస్సు ఆగితే దిగి మిరపకాయ బజ్జీలు కొన్నాను. నాకు కొంచెం సమయం కావాలి కదా. ఆ రోజు వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పిన జవాబునే ఇప్పుడు మీకు సాకల్యంగా రాస్తున్నాను. ఎందుకంటే ఆ సభ్యుడు చదివిన వ్యాసం అబద్ధం కాదు. ఆయన సగం చదివారు, అంతే.

మొదట డీఎన్ఏ సంగతి. మన కాలేయ కణంలోనూ మెదడు కణంలోనూ ఉన్నది ఒకే పుస్తకం. ఏ కణం ఏ పాఠాలు చదువుతుందన్నదే తేడా. నా విద్యార్థులు తెలుగు అకాడమీ పుస్తకంలో కొన్ని పేజీల మీద పెన్సిలుతో ‘రాదు’ అని రాసుకునేవారు. పరీక్షకు రాదని అర్థం. పుస్తకంలో ఒక్క అక్షరం చెరగదు, కానీ ఆ పాఠాన్ని ఇక ఎవరూ తెరవరు. కణంలో ఆ ‘రాదు’ అనే గుర్తు పెట్టేవాటిలో ముఖ్యమైనది మిథైల్ సమూహం. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు. డీఎన్ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి వచ్చి అతుక్కుంటుంది. ఇలాంటి గుర్తులను అధ్యయనం చేసేదే ఎపిజెనెటిక్స్. ‘జన్యువులు మారిపోయాయి’ అనే వార్తల్లో మారింది అక్షరాలు కావు, ఈ పెన్సిలు గుర్తులు.

ఇప్పుడు ఒత్తిడి సంగతి. భయం కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథికి కబురు పంపుతుంది. అక్కడి నుంచి ఆ కబురు మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులకు చేరుతుంది. రక్తంలోకి కార్టిసాల్ వస్తుంది. కుక్క తరిమితే పరుగెత్తడానికి అది కావలసిందే. కానీ పరుగు అయిపోయాక ‘ఇక చాలు’ అని చెప్పేవాళ్లు కూడా ఉండాలి. మెదడులో కార్టిసాల్‌ను అందుకునే గ్రాహకాలది ఆ పని. వాటిని తయారు చేసే జన్యువు పేరు ఎన్ఆర్3సీ1. ఆ పాఠం మీద ‘రాదు’ అని పడితే గ్రాహకాలు తగ్గుతాయి, ‘చాలు’ అనేవాళ్లు తగ్గుతారు. కుక్క వెళ్లిపోయి ఏళ్లు గడిచినా ఒళ్లు పరుగెడుతూనే ఉంటుంది.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ, మోషె షిఫ్‌ల బృందం 2004లో ఎలుకల మీద చూపించింది దీన్నే. కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను ఎక్కువగా నాకి శుభ్రం చేస్తాయి, కొన్ని అంతగా పట్టించుకోవు. పట్టించుకోని తల్లి దగ్గర పెరిగిన పిల్లల మెదడులో ఈ గ్రాహకపు జన్యువు మీద మిథైల్ గుర్తులు ఎక్కువగా కనిపించాయి. పుట్టిన మొదటి వారంలో ఏర్పడ్డ ఆ తేడా పెద్దయ్యాక కూడా అలాగే ఉంది. మీ సభ్యుడి ఫోనులోని వ్యాసం బహుశా ఇక్కడే ఆగి ఉంటుంది.

అదే పరిశోధనలో ఇంకో రెండు సంగతులున్నాయి. పట్టించుకోని తల్లికి పుట్టిన పిల్లను నాకే తల్లి దగ్గర పెడితే, ఆ పిల్ల మెదడులోని గుర్తులు పెంచిన తల్లి పిల్లల్లాగే వచ్చాయి. కన్నది ఎవరన్నది లెక్కకు రాలేదు, పెంచింది ఎవరన్నదే వచ్చింది. పిల్లలను ఎవరి దగ్గర ఉంచాలో నెలకు కనీసం ఇరవై రోజులు కూర్చుని తేల్చే మీకు ఈ వాక్యం కన్నా దగ్గరిది జీవశాస్త్రంలో ఇంకొకటి ఉందనుకోను. రెండోది, పెద్దయిన ఎలుకల మెదడులోకి ఒక రసాయనాన్ని ఎక్కిస్తే ఆ గుర్తుల తేడా పోయింది. అంటే మాను కూడా వంగింది. అయితే వంచింది మెదడులోకి ఎక్కించిన మందు, మాటలు కావు. ఎలుక ఎలుకే, మన పిల్లవాడు మన పిల్లవాడే. ఈ తేడాను నేను దాచను.

మనుషుల్లో కథ ఇంత శుభ్రంగా ఉండదు. ఆత్మహత్య చేసుకున్నవారిలో బాల్యంలో హింసకు గురైన పన్నెండు మంది మెదడులను 2009లో అదే బృందం పరిశీలిస్తే, అదే జన్యువు మీద గుర్తులు ఎక్కువగా కనిపించాయి. మ్యూనిక్‌లోని మాక్స్ ప్లాంక్ మనోవైద్య సంస్థ పరిశోధకులు 2013లో ఎఫ్‌కేబీపీ5 అనే మరో జన్యువు సంగతి చెప్పారు. ఇది గ్రాహకాన్ని మొద్దుబరిచే ప్రోటీన్‌ను తయారు చేస్తుంది. ఇక్కడ జరిగింది తలకిందులు: ఉండవలసిన గుర్తు చెరిగిపోయి, చదవనక్కర్లేని పాఠాన్ని కణం పదే పదే చదువుతోంది. అదీ అందరిలో కాదు. ఆ జన్యువులో ఒక రకం రూపం ఉండి, పైగా చిన్నతనంలో హింసకు గురైనవారిలోనే. గుర్తు పడితే చెడు, చెరిగితే మంచి అని సూత్రం కట్టడం కుదరదు. ఇంత చిక్కుముడిని ‘డీఎన్ఏలోకి దిగిపోయింది’ అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం న్యాయమేనా?

మరి చికిత్సతో ఈ గుర్తులు కదులుతాయా? కదిలిన ఆనవాళ్లు ఉన్నాయి. అమెరికాలో రేచల్ యెహుదా బృందం 2013లో పదహారు మంది మాజీ సైనికులను పరిశీలించింది. యుద్ధం నుంచి వచ్చాక నిద్రలేని మనుషులు. పన్నెండు వారాల పాటు, భయపెట్టే జ్ఞాపకాన్ని సురక్షితమైన చోట కూర్చుని మళ్లీ మళ్లీ చెప్పించే చికిత్స ఇచ్చారు. కోలుకున్నవారిలో ఎఫ్‌కేబీపీ5 మీద ఒకచోట గుర్తులు తగ్గాయి. గ్రాహకపు జన్యువు మీది గుర్తులు మాత్రం మారలేదు. అయితే ఎవరు కోలుకుంటారో ముందే కొంత సూచించాయి. పిల్లల విషయానికి వస్తే, ఆందోళన రుగ్మతలున్న 116 మందికి ఆలోచనా ప్రవర్తనా చికిత్స (ఇంగ్లీషులో సీబీటీ అంటారు) ఇచ్చి, మెదడులో కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనం రవాణాకు సంబంధించిన జన్యువును ముందూ వెనుకా పరీక్షించిన అధ్యయనం 2014లో వచ్చింది. కోలుకున్న పిల్లల్లో ఒక స్థానంలో గుర్తులు పెరిగాయి, కోలుకోనివారిలో తగ్గాయి.

ఇక్కడ నాలోని పాత పరీక్షాధికారి నిద్రలేస్తుంది. పదహారు మంది అంటే నా ప్రయోగశాలలో ఒక బ్యాచ్. 116 మంది పిల్లలది ఆందోళన, అందరిదీ హింస వల్ల కలిగిన గాయం కాదు. పరీక్షించేది రక్తాన్నో, ఉమ్మినో, చెంప లోపలి కణాలనో. బతికి ఉన్న పిల్లవాడి మెదడును తెరిచి చూడలేం కదా. గుర్తు మారినందువల్ల కోలుకున్నారా, కోలుకున్నందువల్ల గుర్తు మారిందా అన్నదీ తేలలేదు. వీటన్నిటికన్నా బరువైన సాక్ష్యం 2018లో వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో చిన్నప్పటి నుంచి వెంబడించిన రెండు వేలకు పైగా కవల పిల్లల అధ్యయనం అది. పద్దెనిమిదేళ్ల వయసులో వాళ్లలో ఎక్కువమంది రక్తాన్ని పరీక్షిస్తే, బాల్యంలోనూ కౌమారంలోనూ పడ్డ హింసకూ ఈ గుర్తులకూ గట్టి సంబంధం కనబడలేదు. కనబడ్డ సంబంధాల్లో చాలా భాగం పొగతాగడం లెక్కలోకి తీసుకోగానే పలచబడిపోయింది. నేను పైన పేర్లు చెప్పిన జన్యువులు కూడా ఆ పరీక్షలో నిలబడలేదు.

అందుకే, ‘కౌన్సెలింగ్‌తో డీఎన్ఏ మారుతుంది’ అని ఎవరైనా కరపత్రం వేసి మీ బల్ల మీద పెడితే, దాన్ని కూడా ఆ సభ్యుడి సామెత పక్కనే పెట్టండి. రెండూ ఒక తాను ముక్కలే. ఒకటి పిల్లవాడిని ముందే ఓడిస్తుంది, ఇంకొకటి ముందే గెలిపిస్తుంది. నిజంగా వాడికి ఎలా ఉందో రెండూ అడగవు. గాయపడ్డ పిల్లలకు జన్యు పరీక్ష చేయిస్తామని ఎవరైనా వస్తే దయచేసి సంతకం పెట్టకండి. మనసుకు తగిలిన దెబ్బను కొలిచి, ఫలానా చికిత్స ఇవ్వమని చెప్పగల పరీక్ష ఏదీ ఈనాటికి లేదు.

బస్సులో వాడికి ఇలాగే చెప్పాను, కాకపోతే చిన్న మాటల్లో. ‘పాడవలేదు నాన్నా. నీ పుస్తకంలో అక్షరం పోలేదు. ఎవరో పెన్సిలుతో పిచ్చి గీతలు గీసి ఉండవచ్చు’ అన్నాను. ‘చెరిపితే పోతాయా?’ అన్నాడు. ‘పోతాయేమోనని కొందరు లెక్క వేస్తున్నారు, ఇంకా తేలలేదు. కానీ నీకు రాత్రిళ్లు నిద్ర పట్టడానికి ఆ లెక్క తేలేదాకా ఆగక్కర్లేదు’ అన్నాను.

మీతో నేను చెప్పదలచుకున్నదీ అదే. చికిత్స పనిచేస్తుందన్న రుజువు జన్యువుల దగ్గర లేదు, పిల్లల దగ్గర ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే, ఇలాంటి గాయాల వల్ల జబ్బుపడ్డ పిల్లలకు, కౌమార వయసు వారికి గాయం మీదే దృష్టి పెట్టే ఆలోచనా ప్రవర్తనా చికిత్సను సిఫారసు చేసింది. అదే సంస్థ, సంఘటన జరిగిన మొదటి నెలలో పిల్లలకు బెంజోడయాజెపైన్ రకం నిద్రమాత్రలు ఇవ్వవద్దని కూడా చెప్పింది. (ఇది ఎందుకు రాస్తున్నానో, బాలసదనాల మందుల బీరువాలు తెరిచి చూసినవారికి తెలుస్తుంది.)

ఆ చికిత్సలో ఏముంటుందో ఒక్కసారి వినండి, ఎందుకంటే మన ఫైళ్లలో కౌన్సెలింగ్ అని రాసేది వేరే. మన దగ్గర ఒక కుర్చీ, ఒక పెద్దమనిషి, అరగంట. ‘మంచి పిల్లాడివి కదా, జరిగింది మరిచిపో, బాగా చదువుకో, అమ్మమ్మను ఏడిపించకు.’ సంతకం. ఇది హితబోధ. దీనితో గాయం మానదు. ఆ అబ్బాయికి జరిగిన రెండు సిట్టింగులు ఇవే. అసలు చికిత్స సాధారణంగా పన్నెండు నుంచి పదహారు వారాలు నడుస్తుంది. మొదట, దెబ్బ తిన్న ఒళ్లూ మనసూ ఇలాగే ప్రవర్తిస్తాయి, నీకు పిచ్చి కాదు అని పిల్లవాడికి అర్థమయ్యేలా చెబుతారు. ఊపిరిని నిదానం చేయడం నేర్పుతారు. కోపం, సిగ్గు, భయం మూడింటినీ విడదీసి పేరు పెట్టి పిలవడం నేర్పుతారు. మా వాడికి అన్నిటికీ ఒకటే పేరు ఉండేది: ‘మంట’. ఆ తరవాతనే, వాడు సిద్ధమయ్యాకనే, జరిగినదాన్ని కొంచెం కొంచెంగా చెప్పిస్తారు, రాయిస్తారు. ‘తప్పు నాదే’ అన్న వాక్యం వచ్చినచోట ఆగి, అది ఎవరు నేర్పిన వాక్యమో వెతుకుతారు. ఇదంతా జరుగుతుండగా పెంచేవాళ్లకు, అది అమ్మ కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, విడిగా సిట్టింగులు ఉంటాయి. చివరికి పిల్లవాడు తన కథను వాళ్ల ముందు చదువుతాడు. వాళ్లు కొట్టకుండా, ఏడ్చి గోల చెయ్యకుండా, లేచిపోకుండా వినాలి. అందుకు వాళ్లకూ తర్ఫీదు కావాలి.

జిల్లాల్లో సైకాలజిస్టులు ఎక్కడున్నారని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆఫ్రికాలోని జాంబియా రాజధాని లుసాకాలో కూడా కొరతే. అక్కడ అయిదు పేట కేంద్రాల్లో, మనోవైద్యంలో డిగ్రీలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, పైనుంచి నిపుణులు పర్యవేక్షిస్తూ, అయిదు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య వయసున్న 257 మంది అనాథలతో, నిస్సహాయులైన పిల్లలతో ఈ పద్ధతిని పరీక్షించారు. ఫలితం 2015లో ప్రచురించారు. ఈ చికిత్స పొందినవారిలో గాయం తాలూకు లక్షణాలు 82 శాతం దాకా తగ్గాయి. మామూలు సహాయం మాత్రమే అందినవారిలో తగ్గింది 21 శాతం. లుసాకా పేటల్లో సాధ్యమైనది మన మండల కేంద్రాల్లో ఎందుకు కాదో నాకు అర్థం కాదు. ఓపిక ఉన్న విశ్రాంత ఉపాధ్యాయులు, నర్సులు మనకు కరువా?

ఇక ఆ సామెత. మొక్కై వంగనిది మానై వంగదంటారు. పదిహేనేళ్లవాడు మానా, మొక్కా? మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మేగన్ గునార్ బృందం, అనాథాశ్రమాల నుంచి మంచి ఇళ్లకు దత్తత వెళ్లిన పిల్లలను పరిశీలించి 2019లో ఒక సంగతి చెప్పింది. మొదటి ఏళ్ల నిరాదరణ వల్ల వాళ్ల కార్టిసాల్ స్పందన మొద్దుబారిపోయి ఉంది. ఏళ్ల పాటు మంచి ఇంట్లో పెరిగినా, యౌవనం రాకముందు అలాగే ఉంది. యౌవనపు మార్పులు మొదలై ముందుకు సాగేకొద్దీ, అది తక్కిన పిల్లల స్థాయికి చేరుతూ వచ్చింది. ఆ వయసులో ఒళ్లు తన ఒత్తిడి వ్యవస్థను మరోసారి సరిచేసుకుంటుందన్నమాట. అది జన్యు గుర్తుల కొలత కాదు, కార్టిసాల్ కొలత. పైగా ఆ పిల్లలు అప్పుడు ఉన్నది ఆదరించే ఇళ్లలో. అయినా మీ ముందుకు వచ్చే పదమూడు, పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలను ‘వయసు దాటిపోయింది’ అని పక్కన పెట్టడానికి ఇక ఏ సామెతా సరిపోదు. ‘ఈ వయసులోనే కదా’ అనవలసిన పిల్లలు వాళ్లు.

మీ సమితికి మొదటి తరగతి మేజిస్ట్రేటు అధికారాలున్నాయి. వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక మీ సంతకంతోనే నడుస్తుంది. ఆ ప్రణాళికలో కౌన్సెలింగ్‌ను వారాల్లో రాయండి, ఒకే మనిషి మొదటి నుంచి చివరి దాకా ఉండేలా రాయండి. చికిత్స మధ్యలో ఉన్న పిల్లవాడిని ఖాళీలు లేవనో, కోర్టు దూరమనో మరో బాలసదనానికి మార్చేముందు ఒక్క క్షణం ఆగండి. తొమ్మిదో వారంలో మనిషి మారితే, వాడు మళ్లీ మొదటి నుంచి తన కథను ఒక కొత్త ముఖానికి చెప్పాలి. చాలామంది చెప్పరు. బంధువుల్లో ప్రేమగా చూసేవాళ్లు ఉండి, తిండికి జరగదని వెనకాడుతుంటే, కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉందన్నది ఆ అమ్మమ్మలకు మీరు చెబితేనే తెలుస్తుంది. ఆమె పిల్లవాడితో పాటు చికిత్సకు రావడానికి బస్సు ఖర్చు ఎవరిస్తారో కూడా అదే కాగితంలో రాయండి. నవ్వుకోకండి, మా కేసుల్లో సిట్టింగులు ఆగిపోయింది ఎక్కువగా టికెట్ల దగ్గరే.

ఇంకొక్కటి. రక్తం, వంశం, జన్యువు, పుట్టుక అన్న మాటలు పిల్లలు గదిలో ఉన్నప్పుడు దయచేసి వాడకండి. వాళ్లు పదో తరగతి జీవశాస్త్రం చదువుతున్నారు. మీరు అన్నదాన్ని మీకన్నా ఖచ్చితంగా అర్థం చేసుకుంటారు.

మా వాడికి చికిత్స మొదలై ఇప్పటికి తొమ్మిది వారాలు. పక్క పట్టణంలోని ఒక అమ్మాయి శిక్షణ పొంది వచ్చి, శనివారాలు చూస్తోంది. వాడు బాగుపడ్డాడని నేను అనను. ఇంకా ఎవరినో ఒకరిని తోస్తూనే ఉన్నాడు, కానీ తోశాక తనే వచ్చి చెబుతున్నాడు. మూడు వారాల కిందట ఒక రాత్రి దీపం ఆర్పి పడుకున్నాడని వార్డెన్ ఫోను చేశారు. మర్నాడు మళ్లీ వెలిగించుకున్నాడట.

వచ్చే నెల వాడి ఫైలు మీలో ఒకరి ముందుకు వస్తుంది. హాస్టలు మార్చే ప్రతిపాదన దానిలో ఉంది. ఆ రోజు కౌన్సెలింగ్ అన్న గడి ఎదురుగా ‘ఇవ్వబడింది’ అని రాయకండి. ఎన్నో వారమో రాయండి. అప్పటికి పదమూడు అవుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర ఉపన్యాసకురాలు